మేడిపండు: ఎవరి తిండి, ఎవరి సామెత

మేడి అంటే మర్రి, రావి, జువ్వి చెట్ల కుదురులోనిదే. శాస్త్రీయనామం ఫైకస్ రేసిమోజా. భారత ఉపఖండం నుంచి ఆగ్నేయాసియా మీదుగా ఆస్ట్రేలియా ఉత్తర భాగం దాకా ఈ చెట్టు ఉంది. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016 అక్టోబర్‌లో ముక్కలై కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్‌లుగా మారాయి. ఆ ప్రాంతమంతటా వాగుల ఒడ్డున, ఒర్రెల పొంటి, పాత బావుల దగ్గర, కవ్వాల్ అడవిలో తడి ఆగే చోట మేడి కనిపిస్తుంది. మహారాష్ట్ర సరిహద్దు ఊళ్లలో మరాఠీ మాట్లాడేవాళ్లకు ఇది ఉంబర్. ఉర్దూలో, హిందీలో గూలర్. సంస్కృతంలో ఉదుంబరం. తెలుగులోనే అత్తి అనే పేరు కూడా ఉంది కానీ, ఆ పేరుతో అంజీర్‌ను కూడా పిలుస్తారు కాబట్టి ఇక్కడ మేడి అనే అందాం.

గుర్తుపట్టడం తేలిక. మర్రికి ఉన్నట్టు దీనికి ఊడలు దిగవు. ఆకుల మీద తరచూ బుడిపెలు లేచి ఉంటాయి. అన్నిటికంటే పెద్ద గుర్తు కాయలు కాసే చోటు. చిటారు కొమ్మల చివర కాకుండా మొద్దు మీద, ముదురు కొమ్మల మీద గుత్తులు గుత్తులుగా కాస్తాయి. అందుకే పశువులు కాసే పిల్లలకు, ముసలివాళ్లకు కూడా చెయ్యి చాపితే అందే పండు ఇది. పచ్చికాయ ఆకుపచ్చగా ఉండి, పండాక నారింజ, ఎరుపు రంగులకు తిరుగుతుంది. సైజు రెండు నుంచి నాలుగు సెంటీమీటర్లు. ఏడాదిలో ఒకటి కంటే ఎక్కువసార్లు కాస్తుంది. కాపు ఎక్కువగా ఎండాకాలంలో, వానల ముందు వస్తుంది. అంటే ఇంట్లో గింజలు అడుగంటే, కూలి దొరకని రోజుల్లోనే.

దీని దగ్గరి చుట్టం బొమ్మమేడి, శాస్త్రీయనామం ఫైకస్ హిస్పిడా. చిన్న చెట్టు. ఆకులు గరగరలాడతాయి, కొమ్మ మీద ఎదురెదురుగా వస్తాయి. కాయల మీద నూగు ఉంటుంది. పచ్చిగా ఎక్కువ తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి. రెండిటినీ కలిపేసి రాసే వ్యాసాలు చాలా ఉన్నాయి. పిల్లలకు చూపించేటప్పుడు మాత్రం తేడా చెప్పడం అవసరం.

శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో కూడా మన నేల జాడ ఒకటుంది. 1753లో లిన్నేయస్ రేసిమోజా అన్నాడు. ఆ తర్వాత సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను బొమ్మలతో సహా వర్ణించిన విలియం రాక్స్‌బర్గ్ ఇదే చెట్టుకు గ్లొమెరేటా అని పేరు పెట్టాడు. ముందు పెట్టిన పేరే నిలవాలన్న నియమం ప్రకారం రేసిమోజా మిగిలింది. పాత గెజిటీర్లలో, వైద్య గ్రంథాల్లో ఫైకస్ గ్లొమెరేటా అని కనిపిస్తే అది ఈ మేడే.

పొట్టలో ఉన్నవి ఏమిటి

తెలుగు బడిలో చదివిన ప్రతి ఒక్కరికీ వేమన మేడిపండు పద్యం నోటికొచ్చు. పైకి బంగారంలా ఉండి లోపల పురుగులున్న పండుతో పిరికివాడి బింకాన్ని పోల్చాడు ఆయన. 1829లో సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను అచ్చు వేయించాక, అక్కడి నుంచి పాఠ్యపుస్తకాల దాకా వచ్చి, ఆ పోలిక భాషలో స్థిరపడింది. ఇవాళ మోసానికి మారుపేరు మేడిపండు. 'మేడిపండు ప్రజాస్వామ్యం', 'మేడిపండు అభివృద్ధి' అని పత్రికలు రాస్తాయి. మన కరపత్రాలూ రాస్తాయి. కులాన్ని, విగ్రహాన్ని, ఆచారాన్ని ఎండగట్టిన వేమన మీద ఇక్కడ పేచీ ఏమీ లేదు. ఆయన చూసింది నిజమే, పండు లోపల పురుగులుంటాయి. అవి అక్కడ ఎందుకున్నాయన్నది ఆ పద్యం అడగని ప్రశ్న.

మేడికి పువ్వులు లేవనుకుంటారు. హిందీలో, మరాఠీలో ఎన్నడూ కనిపించనిదాన్ని మేడిపువ్వు అనే అంటారు. నిజానికి మనం కాయ అనుకునేదే ఒక పూలగుత్తి. వందలాది చిన్న పువ్వులు లోపలి వైపు తిరిగి, మూసిన సంచిలో ఉన్నట్టు ఉంటాయి. ఆ సంచికి కొసన సన్నని రంధ్రం ఒకటి. గాలి గానీ తేనెటీగ గానీ ఆ పువ్వులను చేరలేదు. చేరగలిగేది ఒక్కటే, రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉండే కందిరీగ జాతి పురుగు. మేడికి ప్రత్యేకంగా ఉన్న ఆ పురుగు పేరు సెరాటోసోలెన్ ఫ్యూసిసెప్స్.

ఆడపురుగు వేరే చెట్టు పుప్పొడిని మోసుకొచ్చి ఆ రంధ్రంలో దూరుతుంది. దారి ఎంత ఇరుకంటే దూరేటప్పుడే రెక్కలు ఊడిపోతాయి. ఇక బయటికి వచ్చే దారి లేదు. కొన్ని పువ్వుల్లో గుడ్లు పెడుతుంది, మిగతావాటికి పుప్పొడి అందిస్తుంది, అక్కడే చనిపోతుంది. గుడ్లు పెట్టిన పువ్వుల్లో పురుగులు ఎదుగుతాయి, పుప్పొడి అందిన వాటిలో గింజలు కడతాయి. ముందుగా మగపురుగులు బయటపడతాయి. వాటికి రెక్కలే ఉండవు. ఆడవాటితో జతకట్టి, పండు గోడకు కన్నం తొలిచి, చాలావరకు ఆ పండులోనే చనిపోతాయి. ఆడవి ఆ కన్నంలోంచి పుప్పొడితో ఎగిరి ఇంకో చెట్టు కాయను వెతుక్కుంటాయి. ఆ పని అయ్యాకే పండు మెత్తబడి తీపెక్కుతుంది. మామిడిలోనో వంకాయలోనో ఉన్న పురుగు పంటను పాడు చేసేది. మేడిలో ఉన్నది పండును పండించేది. అది రాకపోతే గింజ లేదు, గింజ లేకపోతే కొత్త చెట్టు లేదు.

ఆ పురుగు ఎంత దూరం పోగలదో ఆఫ్రికాలో లెక్క తేలింది. మేడికి దగ్గరి బంధువైన సికమోర్ చెట్లు నమీబియా ఎడారిలో ఒక నది వెంట విడివిడిగా ఉంటాయి. చెట్ల వారసత్వ లక్షణాలను పోల్చి చూస్తే, దాని కందిరీగ 160 కిలోమీటర్ల దాకా పుప్పొడిని మోసినట్టు 2009లో వెలువడిన పరిశోధన చెప్పింది. ఒకటి రెండు రోజులు మాత్రమే బతికే పురుగు అది.

అంజీర్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నగరాల డ్రైఫ్రూట్ దుకాణాల్లో కిలో వెయ్యి రూపాయలు దాటి అమ్ముడయ్యే అంజీర్, మేడికి పెంపుడు చుట్టం. దానిలో స్మిర్నా రకం పండాలంటే ఇదే తీరు కందిరీగ కావాలి. అమెరికాలోని కాలిఫోర్నియా రైతులు చెట్లు నాటి, కాయలు నిలవక, చివరికి 1899 నాటికి ఆ పురుగును విదేశం నుంచి తెప్పించి స్థిరపరచుకున్నారు. అక్కడ డబ్బు పోసి తెచ్చుకున్న పురుగు ఇక్కడ ఛీత్కారానికి గుర్తయింది. అంజీర్ డబ్బా ఇచ్చి పలకరించేవాళ్లెవరూ పొట్ట విప్పి చూడరు.

తినేవాళ్లకు ఈ సంగతి కొత్తది కాదు. పండును రెండుగా విరిచి, తట్టి, ఊది, పురుగులు ఎగిరిపోయాక తినడం మేడి చెట్టు కింద పెరిగిన పిల్లలకు ఎవరూ నేర్పనక్కరలేదు. విరిచి కాసేపు ఎండలో పెట్టినా, నీళ్లలో వేసినా సరిపోతుంది. పచ్చికాయలను ఉడికించి కూర వండటం బెంగాల్, ఒడిశా, మణిపుర్, కేరళల్లో మామూలు. పండ్లను ఎండబెట్టి దంచి పిండిలో కలుపుకోవడం కరువు రోజుల తిండిగా చాలాచోట్ల రికార్డయింది. ఇది రుచికి తిన్న తిండి మాత్రమే కాదు. గాసం లేక తిన్నవాళ్లు ఉన్నారు. అందుకే తిన్నామని చెప్పుకోవడానికి ఇప్పటికీ చాలామంది వెనకాడతారు.

దండం, బోధివృక్షం, ఆమోసు

ఈ చెట్టును పెద్దలు నీచంగా చూశారనుకుంటే పొరపాటు. చెట్టుకు గౌరవం ఉంది, తిన్నవాళ్లకే లేదు. యజ్ఞాల్లో గరిటెలు, ఆసనాలు ఉదుంబరం కర్రతో చేయాలని వైదిక గ్రంథాలు చెబుతాయి. నవగ్రహ హోమంలో శుక్రుడికి మేడి సమిధలు. దత్తాత్రేయుడి చెట్టూ ఇదే. మనుస్మృతి రెండో అధ్యాయంలో ఉపనయనం నాడు ఎవరు ఏ కర్ర పట్టాలో ఉంది. బ్రాహ్మణుడికి మారేడు లేదా మోదుగ, క్షత్రియుడికి మర్రి లేదా చండ్ర, వైశ్యుడికి పీలు లేదా మేడి. శూద్రుడికి కర్ర లేదు, అతిశూద్రుడి ప్రస్తావనే లేదు. చెట్లను కూడా వర్ణాల వారీగా పంచిన జాబితా అది. ఆ జాబితాలో మేడి కర్ర ఉంది కానీ, మేడిపండుతో కడుపు నింపుకున్నవాళ్లు ఎక్కడా లేరు.

బౌద్ధంలో మేడి జాగా వేరు. గౌతముడికి రావి చెట్టు ఎలాగో, ఆయనకు ముందున్న బుద్ధుల్లో ఒకరైన కనకమునికి మేడి అలాగ. ఆయన జ్ఞానం పొందింది మేడి చెట్టు కిందనే అని పాలి సంప్రదాయం. కనకముని స్తూపాన్ని రెండింతలు చేయించానని అశోకుడు నేపాల్‌లోని నిగలీసాగర్ స్తంభం మీద రాయించాడు. మన దగ్గర పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో బౌద్ధ స్తూపం బయటపడింది. సుత్తనిపాతంలో వచ్చే బావరి గోదావరి ఒడ్డున ఏరుకున్న గింజలతో, పండ్లతో బతికాడని ఆ గ్రంథం అంటుంది. ఆయన ఉన్న చోటు నిర్మల్ జిల్లా బాదన్‌కుర్తి అని స్థానిక చరిత్రకారులు గుర్తిస్తున్నారు. ఏ పండ్లో ఆ గ్రంథం చెప్పదు. కానీ ఆ ఒడ్డున పండ్లు ఏరుకున్నవాడికి మేడి తగలకుండా ఉండటం కష్టం.

తెలుగు బైబిల్ చదివే మాల, మాదిగ ఇళ్లలో మేడి ఇంకో దారిలో చేరింది. యేసును చూడటానికి పొట్టివాడైన జక్కయ్య ఎక్కింది మేడిచెట్టు. పాత నిబంధనలో ఆమోసు ప్రవక్త తాను ప్రవక్తల ఇంటివాడిని కానని, పశువుల కాపరినని, మేడిపండ్లు ఏరుకునేవాడినని చెప్పుకుంటాడు. మూలంలో ఉన్నది సికమోర్. అనువాదకులు దానికి సరైన చుట్టాన్నే ఎంచుకున్నారు. పేదవాడిని చెప్పుల జత కోసం అమ్మేసేవాళ్ల మీద, దొంగ తూకాలు తూచేవాళ్ల మీద నిప్పులు చెరిగిన ప్రవక్త ఆ ఆమోసే. ఒకే తెలుగులో ఒక పుస్తకం మేడిపండును మోసానికి గుర్తు చేస్తే, ఇంకో పుస్తకంలో మేడిపండ్లు ఏరుకునేవాడు రాజు గుడిలో నిలబడి న్యాయం అడుగుతాడు. రెండో మేడిపండు మన బడి పుస్తకాల్లోకి రాలేదు.

నీళ్లు, గడ్డలు, గుంతలు

మేడి ఉన్నచోట నీళ్లున్నాయని పాతకాలం నుంచి నమ్మకం. వరాహమిహిరుడి బృహత్సంహితలో భూగర్భ జలాల అధ్యాయం మేడిని నీటి గుర్తుల్లో ఒకటిగా లెక్కవేస్తుంది. చెట్టు వాగుల ఒడ్డునే ఎక్కువగా పెరుగుతుంది కాబట్టి ఆ నమ్మకానికి ఆధారం ఉంది. అలాగని ఇది బోరు పాయింట్ చూపించే పరికరమేమీ కాదు. కర్ర మెత్తనిది, బయట త్వరగా పాడవుతుంది. నీటి అడుగున మాత్రం చాలా కాలం నిలుస్తుంది. అందుకే పాత బావుల అడుగు చట్రాలకు వాడేవారు. ఆకు మేకలకు, పశువులకు మేత. పాలు గడ్డల మీద పట్టు వేస్తారు. బెరడు ఆయుర్వేదంలో చెప్పే పంచవల్కలాల్లో ఒకటి. షుగర్ తగ్గిస్తుందని అమ్మే పొడుల జోలికి మాత్రం డాక్టర్ను అడగకుండా పోకూడదు.

ఈ ప్రాంతపు పటం చూస్తే మేడి పేరు అక్కడక్కడా తగులుతుంది. జగిత్యాల జిల్లాలో మేడిపల్లి మండలం ఉంది. రామగుండం దగ్గర ఇంకో మేడిపల్లి ఉంది, దాని పేరు మీద సింగరేణి ఓపెన్‌కాస్ట్ గని నడిచింది. పాత కరీంనగర్ జిల్లా మహాదేవ్‌పూర్ మండలంలో మేడిగడ్డ. 2019 జూన్‌లో కాళేశ్వరం బ్యారేజీగా ప్రారంభమై, 2023 అక్టోబర్ 21న పిల్లర్లు కుంగిన నాటి నుంచి ఆ పేరు రాష్ట్రమంతా తెలుసు. ఇప్పుడు మేడిగడ్డ అంటే ఎవరికీ చెట్టు గుర్తుకు రాదు. గని తవ్వినా, బ్యారేజీ నీళ్లు నిలిచినా, వాగు ఒడ్డు చెట్టుకు నష్టపరిహారం జాబితాలో పేరుండదు. పట్టా భూమిలో టేకు ఉంటే లెక్క కడతారు, మామిడి ఉంటే లెక్క కడతారు. వాగు ఒడ్డున ఎవరిదీ కాని మేడి పోతే, దాని కింద ఏరుకు తిన్న భూమిలేని కుటుంబానికి పోయినదేమిటో ఏ సర్వే రాయదు.

'ఎవరిదీ కాని' అన్న మాటే అసలు మాట. తెలంగాణ ఊళ్లలో భూమి లేనివాళ్లకు మేత, కట్టెలు, ఆకులు, పండ్లు దొరికింది బంచరాయిలో, శిఖంలో, వాగు ఒడ్డున, అడవిలో. ఆ భూములు దొరల చేతుల్లో ఉండటం మీదే 1970ల చివర్లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో దళిత కూలీలు, పేద రైతులు లేచారు. వెట్టి రద్దు, బంజర్ల స్వాధీనం ఆ పోరాటంలో ప్రధాన డిమాండ్లు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. నెలా రెండు నెలల్లో ప్రభుత్వం ఆ తాలూకాలను కల్లోలిత ప్రాంతంగా ప్రకటించింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద కాల్పులు జరిగాయి. రెండిటి వెనకా ఉన్నది భూమి, అడవి. చరిత్ర రాసేటప్పుడు ఆ భూమిని ఎకరాల్లోనే కొలిచాం. దాని మీద ఏం కాసేదో, ఎవరు తినేవారో రాసుకున్నది తక్కువ.

చట్టంలో మేడిపండు

2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(సి) చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం, సేకరణ, వాడకం, అమ్మకం హక్కులను గుర్తిస్తుంది. కలప కాని, మొక్కల నుంచి వచ్చే ప్రతిదీ అందులో పడుతుంది. తునికాకు, ఇప్పపువ్వు మాత్రమే అటవీ ఉత్పత్తులని చాలామంది అనుకుంటారు, ఎందుకంటే వాటికి ధర ఉంది, కొనేవాడున్నాడు. మేడికి కొనేవాడు లేడు. అయినా చట్టం ముందు అది తక్కువ కాదు.

2008లో వచ్చిన, 2012లో సవరించిన నిబంధనల్లో 13వది సాక్ష్యాల గురించి. సామూహిక హక్కు కోరేవాళ్లు ఏం చూపవచ్చో చెబుతూ మేత భూములు, దుంపలు తవ్వుకునే చోట్లు, చేపలు పట్టే చోట్లు, నీటి వనరులతో పాటు తినదగిన అడవి పండ్లు ఏరుకునే ప్రాంతాలను కూడా అది పేర్కొంది. అంటే ఫలానా వాగు పొంటి మేడి చెట్ల కింద మా అమ్మమ్మలు పండ్లు ఏరేవారన్న మాట కేవలం జ్ఞాపకం కాదు, సాక్ష్యం.

ఇది ఆదిలాబాద్ దళితులకు ముఖ్యం. గోండు, కొలాం, నాయకపోడ్ ఆదివాసులతో పాటు అడవి అంచు ఊళ్లలో నేతకాని, మాదిగ, మాంగ్, మహర్ కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. ఎస్టీలు కానందున చట్టం వీళ్లను 'ఇతర సంప్రదాయ అటవీ నివాసులు'గా చూస్తుంది. ఆ గుర్తింపు కావాలంటే 2005 డిసెంబర్ 13 నాటికి మూడు తరాలు, తరానికి 25 ఏళ్ల చొప్పున 75 ఏళ్లు, అడవి మీద ఆధారపడి ఉన్నట్టు చూపాలి. లెక్క వేస్తే 1930. తెలంగాణలో భూమి గొడవలన్నిటికీ మొదటి ఆధారంగా చూసే ఖాస్రా పహాణీ 1954–55ది. భూమే లేనివాడికి అదీ ఉండదు. నిజాం కాలంలో వెట్టి చేసినవాడికి రసీదు ఎవరిచ్చారు? 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి రాష్ట్ర ప్రభుత్వం దాదాపు లక్షన్నర మంది గిరిజనులకు నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ప్రకటించింది. అది వాళ్లకు రావలసిందే, అది కూడా ఆలస్యంగా వచ్చింది. ఆ పంపిణీలో ఇతర సంప్రదాయ అటవీ నివాసుల వంతు రాలేదు.

ఇక్కడ రెండు విషయాలు పట్టుకోవాలి. 75 ఏళ్లు అంటే అదే చెలకను 75 ఏళ్లు దున్ని ఉండాలని కాదు. ఆ ప్రాంతంలో ఉండి అడవి మీద ఆధారపడి బతికితే చాలు. ఇక ఫలానా కాగితమే కావాలని డివిజన్ కమిటీ గానీ జిల్లా కమిటీ గానీ పట్టుబట్టకూడదని 2012 సవరణ స్పష్టంగా చెప్పింది. హక్కు కోరేవాళ్లు కాని పెద్దమనుషులు చెప్పింది రాతలో పెడితే అది సాక్ష్యంగా చెల్లుతుంది. కాగితం లేదని దరఖాస్తు తిప్పి పంపే అధికారికి ఈ రెండు నిబంధనలు చూపించాలి.

ఆదివాసులకూ దళితులకూ మధ్య దీన్ని తగాదాగా మార్చడానికి చూసేవాళ్లున్నారు. వ్యక్తిగత పట్టా దగ్గర ఆ ప్రమాదం ఉంది, ఏజెన్సీలో 1/70 చట్టం నేపథ్యంలో మరీ ఎక్కువ. సామూహిక హక్కు దగ్గర అది తక్కువ, ఎందుకంటే వాగు ఒడ్డు మేడి ఎవరి వాటా కిందికీ కోసి ఇచ్చేది కాదు. 2025 మే 30న జీవో 49తో కుమ్రం భీం ఆసిఫాబాద్ అడవిని కన్జర్వేషన్ రిజర్వ్‌గా ప్రకటించినప్పుడు ఆదివాసులు ముందుండి ఎదిరించారు, జూలైలో ప్రభుత్వం దాన్ని నిలుపుదల చేసింది. అప్పుడు అడవి అంచు దళిత వాడల పేరుతో దాఖలైన సామూహిక హక్కుల కాగితాలు చేతిలో ఉంటే ఆ గొంతు ఇంకా గట్టిగా ఉండేది.

ఊరి పేరుతో సామూహిక హక్కులు కోరడానికి ఫారం–బి, అడవి వనరు మొత్తం మీద హక్కుకు ఫారం–సి. దరఖాస్తు తీసుకునేది గ్రామసభ. అటవీ హక్కుల కమిటీలో మూడింట ఒక వంతుకు తగ్గకుండా మహిళలుండాలి. పండ్లు, ఆకుకూరలు, దుంపల జాగాలు వాళ్లకే బాగా తెలుసు కాబట్టి సర్వేకు పోయేటప్పుడు వాళ్లను ముందు నడిపించాలి. సర్వేకు పోయే విద్యార్థులు వాగు పేరు, ఒర్రె పేరు, చెట్లు ఎన్ని, ఏ నెలలో పండుతాయి, ఏ వాడ నుంచి ఎవరు పోతారు, దారి ఎటు అనేవి రాసుకోవాలి. ఫోన్‌లో ఆ చోటు గుర్తు పెట్టుకోవాలి. 70, 80 ఏళ్లు దాటిన వాళ్ల మాటను వాళ్ల మాటగానే రాసి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకోవాలి. చెట్టుకు లాటిన్ పేరు అక్కర్లేదు. ఆ ఊళ్లో మేడి అంటే మేడి, ఉంబర్ అంటే ఉంబర్, అలాగే రాయాలి. తిన్నామని చెప్పడానికి ఎవరైనా వెనకాడితే, వాళ్లు చెప్పేదాకా ఓపిక పట్టాలి. ఆ గడిలో రాయవలసింది అదే.